ఫోటో చూసి సీతాకోకచిలుక జాతిని తేల్చడం: ఉష్ణమండల జాతుల గుర్తింపుకు సమగ్ర మార్గదర్శి

ఉష్ణమండలంలో రంగు ఒక్కదాన్నే నమ్ముకుని సీతాకోకచిలుకకు పేరు పెట్టబోతే తరచుగా తప్పు పేరే దొరుకుతుంది. ప్రపంచంలో ఇప్పటివరకు వర్ణించిన సీతాకోకచిలుకలు సుమారు 18,000 జాతులకు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం వేడి ప్రాంతాలవే. అక్కడ పక్షులకు చేదుగా ఉండే జాతి రూపాన్ని, ఏ చేదూ లేని మరో జాతి అరువు తెచ్చుకుంటుంది. ఒకే జాతిలో మగది నీలంగానూ ఆడది గోధుమరంగులోనూ ఉండవచ్చు. వానలు కురిసే నెలల్లో ప్యూపా నుంచి వెలువడినదీ, ఎండు నెలల్లో వెలువడినదీ అక్కచెల్లెళ్ళలా కూడా కనిపించకపోవచ్చు.

కాబట్టి ఈ మార్గదర్శి అంతటా రెండు నియమాలను పట్టుకుని నడుస్తుంది. మొదటిది, ఆ చోట ఆ కాలంలో ఉండగలిగిన జాతులన్నిటినీ ముందు పెట్టుకుని, ఫోటోలోని సాక్ష్యంతో ఒక్కొక్కదాన్నీ తొలగిస్తూ రావడం. రెండవది, ఒక లక్షణం ‘లేదు’ అనడాన్నీ, అది ఈ ఫోటోలో ‘కనిపించడం లేదు’ అనడాన్నీ ఎప్పుడూ వేరువేరుగా ఉంచడం. తప్పుడు గుర్తింపుల్లో పెద్ద భాగం ఈ రెండవ నియమాన్ని మరచినప్పుడే పుడుతుందని నా అభిప్రాయం.

పేరు గురించి ఆలోచించక ముందే తీయవలసిన ఫోటోలు

సీతాకోకచిలుక కనిపించగానే ముందు ఉన్నచోటు నుంచే ఒక ఫోటో తీసి ఉంచుకోవాలి. అది ఎగిరిపోతే మిగిలే సాక్ష్యం ఆ ఒక్కటే. ఆ తరువాత మన నీడ దాని మీద పడకుండా, కదలికలు నెమ్మదిగా ఉంచుతూ దగ్గరికి వెళ్ళాలి. కళ కోసం తీసే ఫోటోకూ గుర్తింపు కోసం తీసే ఫోటోకూ అవసరాలు వేరు. వెనుక నేపథ్యం కరిగిపోయి, ఒక కన్ను మాత్రం పదునుగా కనిపించే చిత్రం గోడకు అందంగా ఉంటుంది గాని, రెక్క అంచున ఉన్న చుక్కల వరుస మసకబారితే జాతిని తేల్చడానికి అది పనికిరాదు.

రెక్క తలానికి కెమెరా సెన్సర్ సమాంతరంగా ఉండేలా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఏటవాలుగా తీసినప్పుడు గుండ్రని మచ్చ కోలగా మారుతుంది, సూటి గీత వంగినట్టు కనిపిస్తుంది, ఫోకస్ కూడా రెక్కలో కొంత భాగానికే పరిమితమవుతుంది. ఎపర్చర్‌ను ఎఫ్/8 దగ్గర, షట్టర్ వేగాన్ని సెకనులో 1/500వ వంతు లేదా అంతకంటే వేగంగా ఉంచితే, వెలుతురు చాలినంత ఉన్న చోట రెక్క మొత్తం స్పష్టంగా వస్తుంది. ఫోన్‌తో తీసేవారు డిజిటల్ జూమ్ వాడకుండా వీలైనంత దగ్గరికి వెళ్ళి, వరుసగా అనేక ఫోటోలు తీసి, వాటిలో మంచివి ఏరుకోవడం మేలు.

రెక్కల కింది వైపు ఫోటోకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. కూర్చున్నప్పుడు రెక్కలను వీపు మీదుగా మూసే జాతుల్లో మనకు కనిపించేది కింది వైపే. ‘నీలిచిలుకలు’ అనే చిన్న సీతాకోకచిలుకల్లోనూ, కంటి మచ్చలుండే గోధుమరంగు జాతుల్లోనూ జాతులను విడదీసే గుర్తులు సాధారణంగా అక్కడే ఉంటాయి. పై వైపు ఫోటో కోసం ఎండ కాగుతూ రెక్కలు విప్పే క్షణం దాకా ఓపిక పట్టాలి. ఆ తరువాత తల, స్పర్శశృంగాలు (తల మీది మీసాల వంటి అవయవాలు), కాళ్ళు, శరీరం పక్క నుంచి కనిపించే ఫోటో ఒకటి తీయాలి. చాలామంది వదిలేసేది దీన్నే, కానీ కుటుంబాన్ని తేల్చడంలో దీనికి సాటి వచ్చేది లేదు.

తడి ఇసుక మీద గుంపుగా చేరి లవణాలు పీల్చుకునే సీతాకోకచిలుకల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఆ గుంపులో దగ్గరి పోలికలున్న మూడు నాలుగు జాతులు కలిసి ఉండవచ్చు. పై వైపు ఫోటో ఒకదానిదీ, కింది వైపు ఫోటో పక్కదానిదీ అయితే రెండింటినీ కలిపి చేసిన గుర్తింపు కూలిపోతుంది. రెండు ఫోటోలూ ఒకే ప్రాణివని నిరూపించడానికి రెక్క మీది చిరుగు, ఊడిన పొలుసుల మరక, విరిగిన తోక వంటి గుర్తులు ఉపయోగపడతాయి. అలాంటి గుర్తు లేకపోతే వాటిని రెండు వేరు నమోదులుగా భావించాలి.

రంగు విషయంలో కెమెరాను కొంతవరకే నమ్మాలి. దట్టమైన ఆకుల నీడలో తెలుపు పచ్చగానో నీలంగానో పడుతుంది. మార్ఫో ప్రజాతి (దగ్గరి సంబంధం గల జాతుల సమూహం) సీతాకోకచిలుకల నీలం రంగు వర్ణకం వల్ల వచ్చినది కాదు. పొలుసుల మీది సూక్ష్మ నిర్మాణాలు కాంతిని ప్రతిఫలించే తీరు వల్ల పుడుతుంది. అందువల్ల చూసే కోణం మారితే ఆ నీలం మారుతుంది, కొన్నిసార్లు మాయమైపోతుంది. హైపోలిమ్నాస్ బోలినా అనే జాతి మగదాని తెల్ల మచ్చల చుట్టూ ఉండే ఊదా మెరుపు కూడా కొన్ని కోణాల నుంచే కనిపిస్తుంది. అలాంటి చోట కొద్దిగా పక్కకు జరిగి రెండు మూడు కోణాల్లో ఫోటోలు తీయాలి. పసుపు సీతాకోకచిలుకల్లో కొన్నిటి మగవాటికి అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే నమూనాలుంటాయి. మామూలు కెమెరాలు ఆ కాంతిని వడగట్టేస్తాయి కాబట్టి ఆ సాక్ష్యం మనకు అందదు. ఫోటోను సవరించేటప్పుడు రంగుల గాఢత పెంచకుండా, అసలు ఫైలును అలాగే భద్రపరచాలి.

చివరగా, తేదీ, సమయం, స్థలం, సముద్రమట్టం నుంచి ఎత్తు, ఆవాసం, ఆ ప్రాణి చేస్తున్న పని అక్కడే రాసుకోవాలి. ఆడది గుడ్డు పెడుతూ కనిపిస్తే ఆ మొక్కకు కూడా ఆకులు, కాండం కనిపించేలా ఫోటో తీయాలి. గొంగళిపురుగు తినే మొక్క తెలిస్తే, రెక్కలు చెప్పలేని విషయం కూడా ఒక్కోసారి తేలిపోతుంది.

అది సీతాకోకచిలుకేనా?

పగలు ఎగిరే రంగురంగుల చిమ్మటలు ఉష్ణమండలంలో ఎన్నో ఉన్నాయి. మడగాస్కర్‌కు చెందిన క్రిసిరిడియా రిఫియస్ అనే తోకల చిమ్మటను 1773లో డ్రూ డ్రూరీ మొదటిసారి వర్ణించినప్పుడు సీతాకోకచిలుకగానే భావించి పాపిలియో ప్రజాతిలో చేర్చాడంటే ఆ పోలిక ఎంతటిదో ఊహించవచ్చు. స్పర్శశృంగం కొస గదలా లావెక్కి ఉంటే సీతాకోకచిలుక అనీ, దారంలా సన్నగా గానీ ఈకలా గానీ ఉంటే చిమ్మట అనీ మొదటి అంచనాకు రావచ్చు. దీనికి రెండు వైపులా మినహాయింపులు ఉన్నాయి. కాస్ట్‌నియిడే కుటుంబపు చిమ్మటలకు కొస లావుగా ఉంటుంది. అమెరికా ఖండపు ఉష్ణమండలంలో మాత్రమే ఉండే హెడైలిడే కుటుంబం సీతాకోకచిలుకలదే అయినా, వాటికి గద ఉండదు, చాలావరకు రాత్రి పూటే ఎగురుతాయి.

కుటుంబం తేల్చడం

జాతి పేరుకు తొందరపడకుండా ముందు కుటుంబాన్ని, అంటే ఎన్నో ప్రజాతులను కలిపిన పెద్ద వర్గాన్ని తేల్చుకుంటే పోల్చవలసిన జాతుల సంఖ్య ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇందుకు మొదట కాళ్ళు లెక్కపెట్టాలి. నింఫాలిడే కుటుంబంలో ముందు కాళ్ళ జత కుంచించుకుపోయి రొమ్ముకు అంటుకుని ఉంటుంది కాబట్టి, అవి నాలుగు కాళ్ళ మీదే నిలబడినట్టు కనిపిస్తాయి. పాపిలియోనిడే, పియరిడే కుటుంబాల్లో ఆరు కాళ్ళూ బాగా ఎదిగి ఉంటాయి. అయితే ఇక్కడే రెండవ నియమం గుర్తుకు రావాలి. ఆకు అంచు వెనుక రెండు కాళ్ళు దాగి ఉంటే నాలుగే కనిపిస్తాయి, అంతమాత్రాన అది నింఫాలిడే కాదు. మరోవైపు, ముక్కులా ముందుకు పొడుచుకువచ్చిన పొడవాటి పాల్పులు (నోటి పక్కన ఉండే అవయవాలు) ఉన్న లిబితియా వంటి వాటిలో ఆడవాటికి ముందు కాళ్ళు కూడా పనిచేస్తాయి, అయినా అవి నింఫాలిడేలోనివే.

తోక ఉంటే పాపిలియోనిడే అనుకోవడం అందరికీ అలవాటు. ఆ కుటుంబంలో తోక లేనివి చాలా ఉన్నాయి, ఇతర కుటుంబాల్లో తోక ఉన్నవీ ఉన్నాయి. పాపిలియో మెమ్నాన్‌లోనైతే ఒకే జాతి ఆడవాటిలో తోక ఉన్న రూపమూ లేని రూపమూ రెండూ కనిపిస్తాయి. అంతకంటే నమ్మదగినది వెనుక రెక్క లోపలి అంచు. పాపిలియోనిడేలో ఆ అంచు లోపలికి వంపు తిరిగి ఉండడం వల్ల ఉదరం బయటికి స్పష్టంగా కనిపిస్తుంది. పియరిడే, నింఫాలిడే కుటుంబాల్లో రెక్క మూసినప్పుడు ఆ అంచు ఉదరాన్ని దొన్నెలా చుట్టుకుంటుంది.

చిన్న పరిమాణం, నలుపు తెలుపు పట్టీల స్పర్శశృంగాలు, కంటి చుట్టూ తెల్లని అంచు కలిసి కనిపిస్తే అది నీలిచిలుకల కుటుంబమైన లైకినిడే కావచ్చు. రియోడినిడే కుటుంబంలో అత్యధిక జాతులు అమెరికా ఉష్ణమండలంలో ఉంటాయి. వీటిలో చాలా జాతులు ఆకు అడుగున రెక్కలు పరచుకుని కూర్చుంటాయి, మగవాటికి నడిచే కాళ్ళు నాలుగైతే ఆడవాటికి ఆరు. హెస్పీరిడే, అంటే స్కిప్పర్ల గుర్తింపు తలలో ఉంటుంది. తల వెడల్పుగా ఉంటుంది, స్పర్శశృంగాల మొదళ్ళు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, వాటి కొసలు చాలా జాతుల్లో కొక్కెంలా వంగి ఉంటాయి, శరీరం రెక్కలతో పోలిస్తే బలిష్ఠంగా ఉంటుంది.

రెక్కను పటంలా చదవడం

“అంచు దగ్గర ఒక నల్ల చుక్క” అనే వర్ణన గుర్తింపుకు ఉపయోగపడదు. ఏ రెక్క, ఏ వైపు, ఏ అంచు, ఏ అర అనేవి చెప్పగలగాలి. రెక్కకు ముందు అంచు, బయటి అంచు, లోపలి అంచు అని మూడు అంచులుంటాయి. ముందు అంచూ బయటి అంచూ కలిసే చోటు కొన. బయటి అంచూ లోపలి అంచూ కలిసే చోటు వెనుక మూల. రెక్క మొదలు నుంచి నడుమ దాకా ఈనెలు చుట్టుకట్టినట్టు ఉండే పొడవాటి భాగం మధ్య గది. దాని నుంచి అంచు వైపు పోయే ఈనెల నడుమ ఉన్న ఖాళీలను అరలుగా భావిస్తే రెక్క అంతా ఒక పటమవుతుంది.

ఈనెలకు అంకెలు వేసే పద్ధతిలో ముందు రెక్క ఈనెలు లోపలి అంచు వైపు నుంచి 1తో మొదలై ముందు అంచు దగ్గర 12 దాకా వెళ్తాయి. మధ్య గది దిగువ గీత నుంచి, రెక్క మొదలుకు దగ్గరగా బయలుదేరే ఈనె 2వది. దాని తరువాతది 3వది. 2, 3 ఈనెల నడుమ ఉన్నది 2వ అర. ఒకసారి ఈ లెక్క అలవడితే, ప్రామాణిక వర్ణనల్లో “3వ అరలోని మచ్చ లోపలికి జరిగి ఉంటుంది” అన్న వాక్యం ఫోటో మీద వేలు పెట్టి చూపగలిగినంత స్పష్టమవుతుంది. మొదట్లో ఒక పెద్ద సీతాకోకచిలుక కింది వైపు ఫోటోను పెద్దది చేసుకుని, ఈనెల మీద గీతలు గీసి, అంకెలు వేసి సాధన చేయడం మంచిది. ఇది విసుగు పుట్టించే పనే, అయినా దీనికి దగ్గరి దారి లేదు.

ఇక్కడ మరొక చిక్కుంది. మ్యూజియం నమూనాల్లో ముందు రెక్కల లోపలి అంచు శరీరానికి లంబంగా ఉండేలా రెక్కలను ముందుకు లాగి పరుస్తారు. బతికి ఉన్న సీతాకోకచిలుక కూర్చున్నప్పుడు ముందు రెక్కలో పెద్ద భాగం వెనుక రెక్క చాటున ఉండిపోతుంది. నమూనాలో కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చ మన ఫోటోలో దాగి ఉండవచ్చు. అందువల్ల పోల్చడానికి నమూనాల చిత్రాలతో పాటు, నిపుణులు ధ్రువీకరించిన సజీవ ఫోటోలను కూడా దగ్గర ఉంచుకోవాలి.

ఆ చోట ఉండగల జాతుల జాబితా

ఏ సీతాకోకచిలుక అన్ని చోట్లా ఉండదు. మార్ఫో, హెలికోనియస్ ప్రజాతులు అమెరికా ఖండాలకే పరిమితం. ఆర్నితోప్టెరా అనే పెద్ద పక్షిరెక్కల ప్రజాతి న్యూ గినీ, దాని చుట్టుపక్కల దీవులు, ఈశాన్య ఆస్ట్రేలియాలలోనే కనిపిస్తుంది. ప్రపంచంలోనే పెద్దదైన ఆర్నితోప్టెరా అలెగ్జాండ్రే పాపువా న్యూ గినీలోని ఓరో ప్రాంతాన్ని దాటి ఎక్కడా లేదు. కనుక మొదట ఆ దేశపు, వీలైతే ఆ జిల్లా స్థాయి జాతుల జాబితాను సంపాదించి, మనం తేల్చిన కుటుంబానికి చెందినవాటిని ఏరాలి. తరువాత ఎత్తు, రుతువు, ఆవాసం చూసి మరికొన్ని తొలగించాలి. తొలగించిన ప్రతిదానికీ కారణం రాసి పెట్టుకోవాలి. కొత్త ప్రాంతంలో ఒక జాతి తొలిసారి కనిపించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ‘ఇక్కడ లేదు’ అన్న ఒక్క కారణంతో తీసేసినవాటిని పూర్తిగా పారేయకుండా పక్కన ఉంచాలి.

ఒక మినహాయింపును మరవకూడదు. సందర్శకుల కోసం నడిపే సీతాకోకచిలుకల అద్దాల గృహాల్లో వేర్వేరు ఖండాల జాతులు ఒకే చోట ఎగురుతాయి. అక్కడ తీసిన ఫోటోకు పై పద్ధతి వర్తించదు. దాన్ని అడవిలో తీసిన ఫోటోలా నమోదు చేయడం మరింత పెద్ద తప్పు.

వేషధారులను విడదీయడం

అమెజాన్ అడవుల్లో 11 ఏళ్ళు గడిపిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, రక్షణ లేని జాతులు రక్షణ ఉన్న జాతుల రూపాన్ని అనుకరిస్తాయని వివరించాడు. ఆయన పేరుతోనే దాన్ని బేట్సియన్ అనుకరణ అంటారు. తరువాత ఫ్రిట్జ్ ముల్లర్, రక్షణ ఉన్న రెండు జాతులు కూడా ఒకదానినొకటి పోలి ఉండడం వల్ల రెండూ లాభపడతాయని చూపాడు. గుర్తించేవారికి ఈ రెండింటి పర్యవసానం ఒక్కటే: అనుకరణ పక్షి కంటిని మోసగించడానికి తయారైనది, పక్షి ఈనెలనూ కాళ్ళనూ లెక్కపెట్టదు. కాబట్టి వేషం ఎంత బాగా కుదిరినా నిర్మాణంలో తేడా మిగిలే ఉంటుంది.

ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా కనిపించే ప్లెయిన్ టైగర్, అంటే డానస్ క్రిసిప్పస్‌ను తీసుకుందాం. నారింజ రంగు రెక్కలు, ముందు రెక్క కొన నల్లగా, ఆ నలుపులో తెల్లని పట్టీ. హైపోలిమ్నాస్ మిసిప్పస్ ఆడది అచ్చం ఇలాగే ఉంటుంది. మగది మాత్రం నల్లని రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలతో మరో జాతిలా కనిపిస్తుంది. కొన మీది తెల్ల పట్టీని చూసి తేల్చబోతే పని జరగదు. ఎందుకంటే క్రిసిప్పస్‌లో ఆ నలుపు తెలుపులు లేని డోరిప్పస్ అనే రూపం ఉంది, మిసిప్పస్ ఆడవాటిలో దానికి జోడీగా ఇనారియా అనే రూపమూ ఉంది. చూడవలసింది వెనుక రెక్క. క్రిసిప్పస్‌కు మధ్య గది చుట్టూ మూడు నల్ల మచ్చలుంటాయి, మగదానికి వాసన వెదజల్లే సంచి ఉన్న మచ్చ అదనం. మిసిప్పస్ ఆడదానికి ముందు అంచుకు దగ్గరగా ఒకే నల్ల మచ్చ ఉంటుంది. వెనుక రెక్క ముందు రెక్క కింద సగం దాగి ఉన్న ఫోటోలో ఒకే మచ్చ కనిపిస్తే దాన్ని వెంటనే మిసిప్పస్ అనకూడదు. మిగతా రెండు మచ్చలుండవలసిన చోటు ఫోటోలో కనిపిస్తున్నదో లేదో ముందు చూడాలి.

దక్షిణాసియాలో సాధారణమైన కామన్ మోర్మన్, అంటే పాపిలియో పాలిటెస్ ఆడవాటిలో ఒకటి మగదానిలాగే ఉంటుంది, మరొకటి పాక్లియోప్టా అరిస్టోలోకియేను, ఇంకొకటి పాక్లియోప్టా హెక్టర్‌ను అనుకరిస్తుంది. ఈ రూపాలను నియంత్రించేది డబుల్‌సెక్స్ అనే జన్యువని 2014లో తేలింది. వాటిని విడదీయడానికి రెక్కలను వదిలి శరీరాన్ని చూడాలి. పాక్లియోప్టా శరీరం మీద ఎరుపు ఉంటుంది, మోర్మన్ శరీరం నల్లగా ఉంటుంది. ఆడది గుడ్లు పెడుతూ కనిపిస్తే నిర్ణయం మరింత బలపడుతుంది. పాక్లియోప్టా ఆడది అరిస్టోలోకియా అనే తీగ మొక్కలను వెతుక్కుంటే, మోర్మన్ నిమ్మ కుటుంబపు మొక్కల మీద పెడుతుంది.

డేలియస్ యూకారిస్‌ను అనుకరించే ప్రియోనెరిస్ సిటా విషయంలో తేడా ఇంకా సూక్ష్మం. వెనుక రెక్క అంచున ఉండే ఎర్ర మచ్చలు మొదటిదానిలో బాణపు ములుకుల్లా కొసదేరి ఉంటాయి, రెండవదానిలో చతురస్రాలకు దగ్గరగా ఉంటాయి. అమెరికా ఉష్ణమండలంలో హెలికోనియస్ ఎరాటో, హెలికోనియస్ మెల్పోమీన్ ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి పోయేకొద్దీ రెండూ కలిసి రూపం మార్చుకుంటాయి. ఒక చోట నేర్చుకున్న పై వైపు నమూనా మరో చోట పనికిరాదు. అక్కడ కింది వైపు రెక్కల మొదట్లో ఉండే చిన్న ఎర్ర చుక్కలను పరిశీలించవలసి వస్తుంది కాబట్టి, మూసిన రెక్కల ఫోటో లేకుండా ఈ జంట గురించి గట్టిగా ఏమీ చెప్పకపోవడమే మంచిది.

రుతువు, లింగం, పాతబడిన రెక్కలు

ఆఫ్రికాకు చెందిన ప్రెసిస్ ఆక్టేవియా వానకాలపు రూపం నారింజ రంగులో, ఎండు రుతువు రూపం నీలం రంగులో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే జాతి అంటే కొత్తవారు నమ్మరు. ఆసియాలోని జునోనియా అల్మానా ఎండు రుతువులో కింది వైపు ఎండుటాకులా మారి, రెక్కల అంచులు కూడా కోణాలు తేలుతాయి. అంటే రుతువు రంగునే కాదు, ఆకారాన్ని కూడా మార్చగలదు. గోధుమరంగు జాతుల్లో వానకాలంలో పెద్దగా ఉండే కంటి మచ్చలు ఎండు నెలల్లో చుక్కలుగా కుంచించుకుపోతాయి. ఇప్తిమా ప్రజాతిలో వెనుక రెక్క మీది కంటి మచ్చలను లెక్కపెట్టి జాతిని తేల్చే పద్ధతి ప్రసిద్ధమైనదే అయినా, ఫోటో తీసిన నెల తెలియకుండా ఆ లెక్కను నమ్మడం ప్రమాదకరం. కుంచించుకుపోయిన మచ్చల స్థానంలో చిన్న చుక్క మిగిలి ఉందేమో పెద్దది చేసి వెతకాలి.

కాటోప్సిలియా పొమోనాలో రెండు ప్రధాన రూపాలున్నాయి. క్రొకేల్ రూపానికి స్పర్శశృంగాలు నల్లగా ఉంటాయి, పొమోనా రూపానికి ఎర్రగా ఉండి, కింది వైపు వెండి చుక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు వీటిని రెండు జాతులుగా లెక్కించారు.

పాతబడిన రెక్కలు మరో రకంగా మోసం చేస్తాయి. పొలుసులు రాలినకొద్దీ నలుపు గోధుమరంగుగా, గోధుమరంగు దాదాపు పారదర్శకంగా మారుతుంది. లైకినిడేలో సన్నని తోకలు మొదట ఊడిపోతాయి. తోకలుండే ప్రోసోటాస్ నోరాను, తోకలు లేని ప్రోసోటాస్ డూబియోసాను విడదీసేటప్పుడు, తోక ఉండవలసిన చోట చిరుగు గానీ తెగిన మొదలు గానీ ఉందేమో చూసి తీరాలి. రెండు వెనుక రెక్కల మీదా ఒకే ఆకారంలో ముక్క పోయి ఉంటే అది పక్షి ముక్కు చేసిన పని కావచ్చు; సహజమైన అంచు అనుకోకూడదు.

చిన్న నీలిచిలుకలు, స్కిప్పర్లు

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే, కానీ పద్ధతి తెలిస్తే ఎక్కువ ఆనందం ఇచ్చేదీ ఇదే. గడ్డి మీద నేలబారుగా ఎగిరే బూడిద రంగు చిన్న సీతాకోకచిలుక కింది వైపు ఫోటో ఉందనుకుందాం. ముందు రెక్క మధ్య గదిలో చుక్క ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే జిజీరియా కర్సాండ్రా వైపు గానీ, సూడోజిజీరియా మాహా వైపు గానీ వెళ్తాం. లేకపోతే జిజీనా ఓటిస్ పరిశీలనకు వస్తుంది. ముందు రెక్క ముందు అంచున చిన్న చుక్కలు కనిపిస్తే, మరీ చిన్నదైన జిజూలా హైలాక్స్‌ను ఆలోచించాలి. అయితే కూర్చున్నప్పుడు ముందు రెక్క కిందికి ముడుచుకుని, సరిగ్గా ఆ మధ్య గది భాగమే వెనుక రెక్క చాటుకు పోతుంది. అది అటూ ఇటూ కదిలి రెక్కలు రుద్దుకునే సమయంలో వరుసగా తీసిన పది ఫోటోల్లో ఒకదానిలో ఆ గది బయటపడవచ్చు. అందుకే ఇలాంటి జాతులకు ఒక్క చక్కని ఫోటో కంటే వరుస ఫోటోలు విలువైనవి.

పసుపు రంగు యూరెమా ప్రజాతిలో కూడా ఇదే సూత్రం. కింది వైపు ముందు రెక్క మధ్య గదిలో చుక్కలు రెండైతే యూరెమా హెకాబే, మూడైతే యూరెమా బ్లాండా అని ప్రధానంగా విడదీస్తారు. ఈ చుక్కలు ఎండ నేరుగా పడిన ఫోటోలో వెలిసిపోతాయి కాబట్టి కాస్త తక్కువ వెలుతురులో తీసిన ఫోటోను ఎంచుకోవాలి.

స్కిప్పర్ల విషయంలో ముందు రెక్క మీది పారదర్శక చుక్కల స్థానాలు, మగవాటి మీది ప్రత్యేక పొలుసుల గీత, స్పర్శశృంగం కొస అనే మూడింటినీ చూడాలి. నారింజ నలుపుల పొటాంథస్ ప్రజాతిలో మాత్రం జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడకుండా జాతిని నిర్ధారించడం చాలావరకు సాధ్యం కాదు. అక్కడ ఫోటో పని ప్రజాతి పేరుతో ముగుస్తుంది.

యాప్ ఇచ్చిన పేరును ఏం చేయాలి

ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ఫోటోను చూసి క్షణాల్లో కొన్ని పేర్లు సూచిస్తాయి. ఆ సూచనలు అంతకు ముందు ఎక్కువగా నమోదైన జాతుల వైపు మొగ్గుతాయి. అరుదైన జాతికి, తక్కువ ఫోటోలున్న ప్రాంతానికి అవి అంతగా న్యాయం చేయలేవు. యాప్ చెప్పిన పేర్లను మన జాబితాలో చేర్చి, మిగతావాటిలాగే పరీక్షించడం సరైన వాడకం. అలాగే, ఆ వేదిక మీద మరొకరు పేరును బలపరిచినప్పుడు వారు ఏ లక్షణాన్ని చూశారో అడగడం మర్యాదకు భంగం కాదు. కారణం చెప్పని ఏకాభిప్రాయం కంటే కారణం చెప్పిన భిన్నాభిప్రాయం మనకు ఎక్కువ నేర్పుతుంది.

ఎక్కడ ఆగాలి, ఎలా నమోదు చేయాలి

తొలగింపు పూర్తయ్యాక ఒకే జాతి మిగిలితే ఆ పేరు రాయవచ్చు. రెండు మిగిలితే ప్రజాతి పేరు రాసి, ఆ రెండు జాతులనూ, వాటిని విడదీయడానికి ఏ ఫోటో అవసరమో గమనికలో చేర్చాలి. ఇది ఓటమి కాదు. కోస్టారికా వాయవ్య ప్రాంతంలో ఒకే జాతిగా భావిస్తూ వచ్చిన అస్ట్రాప్టెస్ ఫుల్జిరేటర్ అనే స్కిప్పర్‌లో 10 జాతులు దాగి ఉన్నాయని, డీఎన్‌ఏ బార్‌కోడ్‌లను (జాతిని గుర్తించడానికి చదివే చిన్న డీఎన్‌ఏ భాగాలను) గొంగళిపురుగుల రంగులతోనూ అవి తినే మొక్కలతోనూ జోడించి చూసిన పరిశోధకులు 2004లో ప్రకటించారు. అలాంటి చోట రెక్కలు విప్పిన పెద్ద ప్రాణి ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా జాతి దాకా తీసుకువెళ్ళలేదు.

నమోదులో పేరుతో పాటు ఆ పేరుకు ఆధారమైన లక్షణాన్ని ఒక వాక్యంలో రాయాలి. “కింది వైపు ముందు రెక్క మధ్య గదిలో మూడు చుక్కలు స్పష్టంగా ఉన్నాయి” అన్న వాక్యం ఉంటే, పదేళ్ళ తరువాత చూసేవారు కూడా ఆ నిర్ణయాన్ని మళ్ళీ పరీక్షించగలరు. స్థలాన్ని వీలైనంత కచ్చితంగా ఇవ్వాలి. సేకరించేవారి బెడద ఉన్న అరుదైన జాతులకు మాత్రం బహిరంగంగా కనిపించే స్థలాన్ని మసకపరచి, అసలు వివరాన్ని లోపల భద్రపరచాలి.

పేర్లు కూడా స్థిరంగా ఉండవు. నల్లని రెక్కల మీద నీలి ఆకుపచ్చ పట్టీతో ఎగిరే గ్రాఫియం సార్పెడాన్‌ను చాలాకాలం విశాలమైన వ్యాప్తి గల ఒకే జాతిగా లెక్కించారు. ఇప్పుడు దక్షిణ భారతదేశం, శ్రీలంకలలోని దాన్ని గ్రాఫియం టెరెడాన్ అనే వేరే జాతిగా పరిగణిస్తున్నారు. ఆ విభజన తరువాత పాత ఫోటోల్లో ఏది ఏ జాతిదో పంచవలసి వచ్చినప్పుడు, తేదీ, స్థలం సరిగ్గా రాసి ఉన్నవాటికి కొత్త పేరు వెంటనే దొరికింది. ‘అడవి, సెలవుల్లో’ అని మాత్రమే రాసి ఉన్నవి ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోతాయి.